పాత కంప్యూటర్‌కు అప్‌డేట్.. వేయాలా? మానాలా?

విజయవాడ: కంప్యూటర్ తెర కుడి మూలన చిన్న గడి ఒకటి ప్రత్యక్షమవుతుంది. అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయి, ఇప్పుడు వేయమంటారా, తరువాతనా అని అడుగుతుంది. గవర్నరుపేటలో శుభలేఖలు కూర్చే డీటీపీ కేంద్రమైనా, గుడివాడలో ధాన్యం మిల్లు లెక్కలు రాసే గదైనా, మచిలీపట్నంలో రోల్డుగోల్డు నగల దుకాణమైనా సాధారణంగా మౌసు వెళ్లేది ‘తరువాత’ మీదకే. యంత్రం కొని ఎనిమిది, పదేళ్లు దాటింది. నడుస్తున్నదాన్ని కదిపితే ఆగిపోతుందేమోనన్న భయం. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. అయితే ‘తరువాత’ అన్న మాటకు కూడా ఒక మూల్యం ఉంది. అది ఎంతటిదో 2017లోనే ఈ ప్రాంతానికి తెలిసివచ్చింది.

59 రోజుల గడువు

2017 మే 12వ తేదీ శుక్రవారం. ‘వానాక్రై’ అనే దొంగ ప్రోగ్రాం ప్రపంచాన్ని చుట్టుముట్టింది. కొద్ది రోజులలోనే 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నింటికీ తాళం వేయడం, తాళం తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్ల రూపంలో చెల్లించమని తెర మీద హెచ్చరిక పెట్టడం దాని పని. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేసుకోవలసి వచ్చింది.

ఆ సెగ ఆంధ్రప్రదేశ్‌నూ తాకింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు దెబ్బతిన్నట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. సమాచారం భద్రంగానే ఉందని, ముందుజాగ్రత్తగా కంప్యూటర్లను ఆపివేయిస్తున్నామని నాటి డీజీపీ ఎన్.సాంబశివరావు ప్రకటించారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వానాక్రై చొరబడిన లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి 59 రోజుల ముందే మందు చేతికి అందింది. దానికి రుసుము కూడా లేదు. దెబ్బతిన్న యంత్రాలలో అత్యధికం అప్పటికి కాలం చెల్లిన విండోస్ ఎక్స్‌పీవి కావు, అప్పటికింకా అప్‌డేట్లు అందుకుంటున్న విండోస్ 7వి. కాబట్టి ఆ రోజు నష్టం కలిగించింది కంప్యూటర్ వయసు కాదు, ‘తరువాత’ అని నొక్కే అలవాటు.

ఎలుక బొరియ.. కాలువ గండి

అప్‌డేట్ అంటే ఏమిటో డెల్టా రైతుకు చెప్పడం తేలిక. కాలువ గట్టుకు ఎలుక బొరియ పెడుతుంది. నీరు తక్కువగా ఉన్నంతకాలం దానివల్ల ఏ ఇబ్బందీ కనిపించదు. వరద వచ్చిన రాత్రి అక్కడే గండి పడుతుంది. విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ కోట్ల వరుసల ప్రోగ్రాం. అంత పొడవైన గట్టులో బొరియలు లేకుండా ఉండవు. ఎక్కడో ఒకచోట బయటపడినప్పుడల్లా తయారీ సంస్థ దాన్ని పూడ్చే మట్టిని పంపుతుంది. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండవ మంగళవారం ఈ పని చేస్తోంది. కాలమాన భేదం వల్ల మనకు అది మంగళవారం రాత్రికి అందుతుంది.

అయితే గట్టుకూ కంప్యూటర్‌కూ ఒక తేడా ఉంది. ఎలుక బొరియను పూడ్చితే ఆ విషయం పక్క ఊరి వారికి తెలియదు. కంప్యూటర్ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ విడుదలైన మరుక్షణం, లోపం ఎక్కడ ఉందో లోకమంతటికీ తెలిసిపోతుంది. దొంగలు ఆ అప్‌డేట్‌ను విప్పి చూసి, దాన్ని వేసుకోని యంత్రాల కోసం వెదుకుతారు. కనుక అప్‌డేట్ విడుదలైన తరువాత వేయకుండా ఉన్న ప్రతి రోజూ, విడుదల కాకముందు రోజుల కన్నా ప్రమాదకరం.

‘నా యంత్రంలో దాచుకునేంత రహస్యాలు ఏమున్నాయి’ అని చాలామంది అంటారు. మిల్లులో ఐదేళ్ల టాలీ లెక్కలు, ఎరువుల దుకాణంలో రైతుల బాకీల పట్టిక, ఫొటో స్టూడియోలో వందల పెళ్లిళ్ల చిత్రాలు రహస్యాలు కాకపోవచ్చు. కానీ వాటికి తాళం పడితే వ్యాపారం నిలిచిపోతుంది. పైగా వానాక్రై ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక యంత్రం నుంచి అదే నెట్‌వర్క్‌లోని మరో యంత్రానికి పాకింది. మూలన పడివున్న ఒక్క పాత కంప్యూటర్ కార్యాలయం మొత్తాన్ని ముంచగలదు.

మరమ్మతు వేరు.. మార్పిడి వేరు

అప్‌డేట్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. అయోమయమంతా ఇక్కడే పుడుతోంది.

మొదటిది నెలవారీ భద్రతా అప్‌డేట్. ఇది ఇంటి పైకప్పుకు పగిలిన పెంకు మార్చడం వంటిది. ఇల్లు అదే, గదులు అవే. కంప్యూటర్ పనితీరులో, తెర రూపంలో దాదాపు మార్పు ఉండదు.

రెండవది రూపాంతరం. విండోస్ 7 నుంచి 10కి, 10 నుంచి 11కి మారడం వంటిది. ఇది పాత గోడల మీద కొత్త అంతస్తు లేపడమే. పునాది మోయగలదా, లేదా అని చూసుకోకుండా మొదలుపెడితే చిక్కులు తప్పవు. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ వంటివాటికి కొత్త రూపంలో పనిచేసే డ్రైవర్లు ఉండకపోవచ్చు. రెండు లేదా నాలుగు జీబీల ర్యామ్, పాత తరహా హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రం నత్తనడక నడవవచ్చు.

ఎప్పుడో ఒకసారి రూపాంతరం వల్ల దెబ్బతిన్నవారు ఆ చేదుతో నెలవారీ మరమ్మతులను కూడా కట్టివేయించుకుంటున్నారు. కొత్త అంతస్తు వద్దనుకున్నందుకు పగిలిన పెంకు కూడా మార్చకపోవడం ఇది. మొదటిదాన్ని ఇంటర్నెట్ వాడే ప్రతి యంత్రంలోనూ వేయవలసిందే. రెండవదాన్ని యంత్రం శక్తి, చేసే పని చూసి నిర్ణయించుకోవాలి.

భయాలలో నిజమెంత?

అప్‌డేట్లు ఎన్నడూ హాని చేయవని చెప్పడం సరికాదు. 2018 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 10 రూపాంతరం కొందరి డాక్యుమెంట్లను, ఫొటోలను చెరిపివేసింది. ఫిర్యాదులు రావడంతో మైక్రోసాఫ్ట్ కొద్ది రోజులలోనే దాని పంపిణీని నిలిపివేసింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. ఆ రోజు మన దేశంలోని విమానాశ్రయాలలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అది విండోస్ అప్‌డేట్ కాదు, పెద్ద సంస్థలు కొనుక్కునే మరో భద్రతా ప్రోగ్రాంకు చెందినది. అయినా గుడ్డిగా తొందరపడటం ఎంత ముప్పో చాటింది.

ఈ రెండు ఘటనలలోనూ తప్పు బయటపడటానికి పట్టిన వ్యవధి గంటలు, రోజులే. అందుచేత నెలవారీ అప్‌డేట్‌ను విడుదలైన రోజునే కాక నాలుగైదు రోజులు, మహా అయితే వారం ఆగి వేసుకోవడం మధ్యేమార్గం. విండోస్ 10లో అప్‌డేట్లను 35 రోజుల వరకు ఆపి ఉంచే వెసులుబాటు సెట్టింగ్స్‌లోనే ఉంది. వారం ఆగడం జాగ్రత్త. ఏడాది ఆగడం నిర్లక్ష్యం.

విండోస్ 10కి తీరిన గడువు

2015 జూలై 29న విడుదలైన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతకుముందే ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 8.1కి 2023 జనవరి 10న గడువు తీరింది. గడువు తీరినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. ఎప్పటిలాగే వెలుగుతుంది, టాలీ తెరుచుకుంటుంది, ప్రింటు వస్తుంది. ఆగిపోయింది బొరియలు పూడ్చే మట్టి మాత్రమే. పైగా విండోస్ 10, 11లలో చాలా భాగం ఉమ్మడి ప్రోగ్రామే కనుక, 11కి వచ్చే ప్రతి మరమ్మతూ 10లో మిగిలివున్న లోపాన్ని దొంగలకు చూపే అవకాశం ఉంది.

విండోస్ 10 వాడేవారికి ఉన్న దారులు ఇవి.

ఒకటి, విండోస్ 11కి మారడం. దీనికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో స్థూలంగా 8వ తరం నుంచి, అంటే 2017 చివర నుంచి మార్కెట్లోకి వచ్చినవి ఈ జాబితాలో ఉన్నాయి. మీ యంత్రం తగినదో కాదో మైక్రోసాఫ్ట్ వారి ‘పీసీ హెల్త్ చెక్’ అనే ఉచిత ప్రోగ్రాం చెబుతుంది. అర్హత లేని యంత్రాలలో కూడా అడ్డదారిన విండోస్ 11 వేసిపెడతామనేవారు ఉన్నారు. అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. అప్‌డేట్ల కోసమే మారుతూ అప్‌డేట్ల హామీ లేని స్థితికి చేరడంలో అర్థం లేదు.

రెండు, పొడిగింపు పథకం. ఇళ్లలో వాడే విండోస్ 10 యంత్రాలకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి కంప్యూటర్ సెట్టింగులను బ్యాకప్ చేసుకుంటే రుసుము లేదు. అలా కాదనుకుంటే 30 డాలర్లు చెల్లించాలి. విండోస్ 10లో చివరి రూపమైన 22హెచ్2 ఉన్న యంత్రాలకే ఇది వర్తిస్తుంది. సంస్థలకు వేరుగా మూడేళ్ల పథకం ఉంది. మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఆపై ఏటేటా రెట్టింపు. ఈ పథకం శాశ్వత పరిష్కారం కాదు, కొత్త యంత్రానికి డబ్బు కూడబెట్టుకునే వ్యవధి.

మూడు, లినక్స్. ఇది ఉచితం. లినక్స్ మింట్, ఉబుంటు వంటివాటికి అప్‌డేట్లు రుసుము లేకుండా వస్తాయి. తక్కువ ర్యామ్‌తో నడిచే తేలిక రూపాలూ ఉన్నాయి. సీడ్యాక్ రూపొందించిన బాస్ లినక్స్, తెలుగునాట స్వేచ్ఛ సంస్థ తెలుగులోకి తెచ్చిన లినక్స్ కూడా ఈ కోవలోవే. ఇంటర్నెట్ చూడటం, ఉత్తరాలు రాసుకోవడం, పిల్లల చదువు వంటి పనులకు ఇది చాలు. టాలీ వంటి విండోస్ ప్రోగ్రాంలు దీనిలో నేరుగా నడవవు. ఆ అవసరం ఉన్నవారికి ఇది సరిపడదు.

యాంటీవైరస్ ఉంటే చాలుకదా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. విండోస్ 10లోని డిఫెండర్‌కు వైరస్‌ల ఆనవాళ్లు 2028 అక్టోబర్ వరకు అందిస్తామని మైక్రోసాఫ్ట్ తెలిపింది. అది మంచిదే. కానీ యాంటీవైరస్ గట్టు మీది కాపలాదారు వంటిది, గట్టులోని బొరియను అతడు పూడ్చలేడు.

డీటీపీ యంత్రం సంగతి

విజయవాడ అచ్చు పరిశ్రమది ప్రత్యేకమైన చిక్కు. పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు కూర్చే కేంద్రాలలో అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ జంటగా స్థిరపడ్డాయి. అడోబ్ సంస్థ 2001లో పేజ్‌మేకర్ 7.0 తరువాత దానికి మరో పెద్ద రూపం తేలేదు. అను అక్షరాలు యూనికోడ్‌కు ముందటి పద్ధతివి. ఆ ఖతులు లేనిచోట తెరిస్తే తెలుగు పేజీ అర్థంకాని గుర్తులుగా మారిపోతుంది. ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకాల ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నవారు పాత విండోస్‌ను వదలడానికి జంకడం సహజమే.

ఇటువంటి యంత్రానికి సరైన దారి అప్‌డేట్ కాదు, ఏకాంతం. ఇంటర్నెట్ తీగ తీసివేయాలి. వైఫైని ఆపివేయాలి. ఆ యంత్రాన్ని కూర్పు పనికే కేటాయించి, మెయిల్, వాట్సాప్, చెల్లింపుల వంటివాటికి అప్‌డేట్లు అందే మరో యంత్రాన్ని వాడాలి. పేజీలను పీడీఎఫ్‌గా మార్చి పెన్‌డ్రైవ్‌తో తీసుకెళ్లాలి. ఖాతాదారులు తెచ్చే పెన్‌డ్రైవ్‌ను ముందుగా రెండవ యంత్రంలో స్కాన్ చేయకుండా పాతదానికి తగిలించరాదు. బయటి ప్రపంచంతో సంబంధం లేని యంత్రంలో ఎక్స్‌పీ ఉన్నా ముప్పు చాలావరకు తగ్గుతుంది. అదే ఎక్స్‌పీ యంత్రంలో బ్యాంకు పని చేయడం మాత్రం తలుపులు తీసి నిద్రపోవడమే.

అదీగాక ఇంటర్నెట్ పనులకు పాత విండోస్ క్రమంగా పనికిరాకుండా పోతోంది. గూగుల్ క్రోమ్ 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 7, 8.1లకు కొత్త రూపాలు ఇవ్వడం మానేసింది. బ్రౌజర్ పాతబడితే నేడు కాకపోతే రేపు బ్యాంకుల, ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరుచుకోవడం కష్టమవుతుంది.

వేసే ముందు ఇవి చూసుకోండి

* మీ విండోస్ ఏదో ముందుగా తెలుసుకోండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటతో పాటు ఆర్ అక్షరాన్ని నొక్కి, వచ్చిన గడిలో ‘విన్‌వర్’ అని ఇంగ్లిషు అక్షరాలలో కొడితే వివరం కనిపిస్తుంది.

* ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీయండి. ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, మరొకటి వేరే చోట ఉండాలి. నకలు తీసిన వెంటనే హార్డ్‌డిస్క్‌ను ఊడదీయండి. తగిలించి వదిలేస్తే దొంగ ప్రోగ్రాం దానికీ తాళం వేస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద అజిత్‌సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తింది. కంప్యూటర్, దాని నకలు ఒకే గదిలో ఉంటే అటువంటి వేళ రెండూ ఒకేసారి నీటిపాలవుతాయి.

* అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే విండోస్ దెబ్బతినే ప్రమాదం ఉంది. యూపీఎస్ బ్యాటరీ పనిచేస్తోందో లేదో చూసుకోండి. కోతలు ఉండే వేళల్లో మొదలుపెట్టకండి. ‘ఆపివేయవద్దు’ అన్న సందేశం ఉన్నంతసేపు బటన్ జోలికి పోకండి. పాత హార్డ్‌డిస్క్ ఉంటే గంటలకొద్దీ పట్టవచ్చు.

* సీ డ్రైవ్‌లో 15, 20 జీబీల ఖాళీ ఉంచండి. చోటు చాలకపోతే అప్‌డేట్ మధ్యలోనే విఫలమయ్యే అవకాశం ఉంది.

* ఫోన్ డేటాతో పనిచేసేవారు సెట్టింగ్స్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఎంచుకుంటే పెద్ద అప్‌డేట్లు వాటంతట అవి దిగకుండా చాలావరకు ఆగుతాయి. నెలకొకసారి వైఫై ఉన్నచోట వాటిని దింపుకోవచ్చు.

* పని ఒత్తిడి ఉన్న రోజులు వద్దు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడే గట్ల మరమ్మతులు చేస్తారు, నాట్ల వేళ కాదు. అలాగే నెలవారీ జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారు 11, 20 తేదీల ముందు రోజులను వదిలి, పని తగ్గిన ఆదివారం పెట్టుకోవడం మేలు.

* కార్యాలయంలో నాలుగైదు యంత్రాలుంటే ముందు ఒకదానిలో వేసి చూడండి. రెండు రోజులు ప్రింటర్, టాలీ, డిజిటల్ సంతకం సక్రమంగా పనిచేస్తే మిగిలినవాటిలో వేయండి.

* అప్‌డేట్ వేయమంటూ ఫోన్ చేసేవారిని, వెబ్‌సైట్లలో ఎగిరిపడే ప్రకటనలను నమ్మకండి. అసలైన అప్‌డేట్ కంప్యూటర్ సెట్టింగ్స్ లోపలి నుంచే వస్తుంది.

* వేసిన తరువాత ఏదైనా మొరాయిస్తే కంగారుపడనవసరం లేదు. సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ చరిత్రలోకి వెళ్లి చివరిగా వేసినదాన్ని చాలావరకు తీసివేయవచ్చు.

యంత్రం మరీ నెమ్మదిగా ఉంటే దాన్ని వెంటనే పారవేయనక్కరలేదు. పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్‌ను 8 జీబీలకు పెంచితే చాలా కంప్యూటర్లు కొత్త ఊపిరి పోసుకుంటాయి. కాకపోతే ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేకుంటే ఈ ఖర్చు వేగాన్నే పెంచుతుంది, భద్రతను కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

తాళం పడితే ఏం చేయాలి?

ఫైళ్లు తెరుచుకోక, డబ్బు కట్టమన్న హెచ్చరిక కనిపిస్తే మొదట ఇంటర్నెట్ తీగ ఊడదీయాలి, వైఫై ఆపాలి. పక్క యంత్రాలకు పాకకుండా అడ్డుకోవడం ముఖ్యం. సొమ్ము చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న భరోసా లేదు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. కొన్ని రకాల తాళాలకు ఉచిత తాళంచెవులను 2016లో ఐరోపా పోలీసు సంస్థ తదితరులు ప్రారంభించిన ‘నో మోర్ ర్యాన్సమ్’ వెబ్‌సైట్ అందిస్తోంది. అన్ని రకాలకూ అవి లేవు.

క్లుప్తంగా చెప్పాలంటే లెక్క ఇది. ఇంటర్నెట్ ఉన్న యంత్రానికి భద్రతా అప్‌డేట్లు వస్తున్నంతకాలం వారంలోగా వేయాలి. రూపాంతరాన్ని యంత్రం శక్తిని బట్టి నిర్ణయించాలి. అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రాన్ని మార్చడమో, పొడిగింపు తీసుకోవడమో, లినక్స్ వేయడమో చేయాలి. ఏదీ కుదరకపోతే ఇంటర్నెట్ తీగ తీసివేయాలి. ఇవేమీ చేయకుండా గడువు తీరిన యంత్రంతో బ్యాంకు పనులు, రిటర్నులు సాగించడం మాత్రమే తగదు. 2017లో దెబ్బతిన్నవారికి 59 రోజుల వ్యవధి దొరికింది. ఈసారి అంత వ్యవధి దొరుకుతుందని చెప్పలేం.